ఘాట్ రోడ్డు కోసం కారు బ్రేకులు మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా సునాబెడ. కారుది ఓడీ-10 రిజిస్ట్రేషన్. పెళ్ళిళ్ళకైనా ఆసుపత్రికైనా సాలూరు ఘాట్ దిగి విజయనగరం, విశాఖ వెళ్ళక తప్పదు. కారు నిండా మనుషులతో దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడిపోతోంది. విశాఖలో ఒక మెకానిక్ పెద్ద కాలిపర్లు (చక్రం డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు), వాటికి సరిపోయే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ను నెట్టే భాగం) వేస్తానంటున్నాడు. ఇది నేరమా? ఆంధ్రాలో ఆపితే ఏమవుతుంది? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: మోటారు వాహనాల చట్టం కేంద్ర చట్టం. సరిహద్దులోని సుంకి దాటి సాలూరు వైపు దిగినా సెక్షన్లు అవే.

52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. ఆర్సీలో ఇంజిన్ నంబరు, రంగు, సీట్లు ఉంటాయి గానీ కాలిపర్ సైజు ఉండదు. కాబట్టి 52 వర్తించదని మీ తరఫున వాదించవచ్చు. ఆ వాదనను మాత్రమే నమ్ముకుని డబ్బు పెట్టమని నేను చెప్పను. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం, చట్టం అనుమతించని రీతిలో విడిభాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందే మీ ఆర్టీవోకు పార్టుల వివరాలతో దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఒడియా రాయడం రాకపోతే ఇంగ్లీషులో రాయండి. జవాబు వచ్చాకే పని చేయించండి.

ఇక ఇన్సూరెన్స్. ఎదుటివాళ్ళకు ఇవ్వాల్సిన పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీ చూపగల కారణాలను 150వ సెక్షన్ లెక్కపెట్టి ఇచ్చింది. బ్రేకులు మార్చడం ఆ జాబితాలో లేదు. అయితే ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం ఉంది. రెన్యువల్‌లో 'మార్పులు ఏమైనా చేశారా' అన్న చోట 'లేదు' అని టిక్ పెడితే చిక్కు అక్కడే మొదలవుతుంది. మీ సొంత కారు నష్టం విషయంలో కంపెనీ ఇంకా కఠినంగా ఉంటుంది. ఈమెయిల్‌లో ముందే తెలియజేసి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. ప్రమాదం జరిగితే 136వ సెక్షన్ కింద బండిని తనిఖీ చేస్తారు. బ్రేకుల గురించి ఆ నివేదికలో రాసే ఒక్క వాక్యం మీద కేసు నడుస్తుంది. కాలిపర్లు మాత్రమే పెద్దవి వేస్తే వాటి పిస్టన్లకు ఎక్కువ ఫ్లూయిడ్ కావాలి, పెడల్ లోపలికి దిగిపోతుంది. మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 20.64 మిల్లీమీటర్ల నుంచి 22.22కి పెంచితే వైశాల్యం దాదాపు 16 శాతం పెరిగి పెడల్ పైకి వస్తుంది, కానీ అంతే ఒత్తిడి రావాలంటే కాలితో ఇంకా గట్టిగా తొక్కాలి. ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు పంపకం మారిపోతుంది. గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ పాత లెక్కకు సెట్ చేసి ఉంటుంది. మీ నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. బ్రేకులు మార్చిన సంగతి అక్కడ మీకు వ్యతిరేకంగా వాడతారు.

పెడల్ మెత్తబడటం చాలాసార్లు ఫ్లూయిడ్ వేడికి మరిగి ఆవిరి పట్టడం వల్ల వస్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ముందు ఫ్లూయిడ్ మార్పించండి, కారు కంపెనీ డిస్కులు, ప్యాడ్లు వేయించండి, ఘాట్‌లో తక్కువ గేరులో దిగండి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్ళే కారు కాబట్టి, ఇవి చేయించకుండా ఈ వారం ఘాట్ దిగకండి.

అప్పటికీ మార్చాలనుకుంటే ప్రతి పార్టు నంబరు, మాస్టర్ సిలిండర్ బోరు సైజుతో సహా జీఎస్టీ బిల్లులో రాయించుకోండి. పని చెడితే గ్యారేజీ విశాఖలో ఉన్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు లేకుండా తక్కువకు చేస్తానంటే ఒప్పుకోకండి.