ఒక్కో సెన్సారుకు చివరి పది రీడింగుల సగటు: ఫిల్టర్, గ్రూపు, విండో ఏ వరుసలో ఉండాలి?

మీ సమస్యను నేను అర్థం చేసుకున్నంతలో ఇది: 40 సెన్సార్ల నుంచి ఉష్ణోగ్రత రీడింగులు వస్తున్నాయి, ఒక్కో సెన్సారుకు చివరి 10 రీడింగుల సగటు 80 డిగ్రీలు దాటితే హెచ్చరిక వెళ్లాలి. కానీ కొన్ని సెన్సార్లకు సగటు ఒకటి రెండు రీడింగుల మీదే వస్తోంది, నెమ్మదిగా పంపే సెన్సార్లకు రూల్ అసలు ఫైర్ కావడం లేదు. వచ్చే సమాచారం మీద రూల్స్ నడిపే ఇంజిన్లు డ్రూల్స్, ఎస్పర్ రెండింటిలోనూ అదే ఫలితం వచ్చిందని రాశారు. యంత్రాల పర్యవేక్షణకు ఇలాంటి రూల్స్ చాలాకాలంగా రాస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ లక్షణం కనిపించినప్పుడు సగటు తీసే ఫంక్షన్‌ను అనుమానించనక్కరలేదు, విండో (ఆ క్షణంలో లెక్కలోకి తీసుకునే ఇటీవలి రీడింగులు) ఎక్కడ ఉందో చూడాలి.

కాలంతో కొలిచే టైమ్ విండో అయితే ఫిల్టర్ (వడకట్టే షరతు), గ్రూపు (సెన్సారువారీగా విడదీయడం), విండో వరుస మారినా జవాబు మారదు, ఎందుకంటే ఒక రీడింగు గత ఐదు నిమిషాలలో వచ్చిందా లేదా అన్నది పక్క సెన్సారు మీద ఆధారపడదు. చివరి పది అన్నట్టు సంఖ్యతో కొలిచే లెంగ్త్ విండోలో మాత్రం, అది నిండాక కొత్త ఈవెంటు (ఇక్కడ ఒక రీడింగు) లోపలికి వచ్చినప్పుడల్లా ఒక పాతది బయటికి పోతుంది, ఆ పోయేది ఏ సెన్సారుదైనా కావచ్చు. ప్రతి సెన్సారు సెకనుకు ఒక రీడింగు చొప్పున పంపుతోందనుకున్నా, అన్నిటికీ కలిపి ఒకే విండో ఉంటే పది రీడింగులంటే పావు సెకను సమాచారమే. ఏ క్షణంలో చూసినా కనీసం 30 సెన్సార్లకు అందులో చోటు ఉండదు. వేగంగా పంపేవి నెమ్మదైనవాటిని బయటికి నెట్టేస్తుంటాయి, మీరు చూస్తున్నది అదే.

ఎస్పర్‌లో దీన్ని సరిచేయడం తేలిక. విండో తర్వాత గ్రూప్ బై రాస్తే, అందరికీ ఉమ్మడిగా ఉన్న విండోలో మిగిలినవాటినే ఇంజిన్ విడదీస్తుంది; లెంగ్త్ విండోకు ముందు సెన్సారు ఐడీతో గ్రూప్‌విన్ పెడితే ఒక్కో ఐడీకి ఒక్కో విండో తయారవుతుంది. ఫిల్టర్‌కూ ఇదే తేడా ఉంది: ఈవెంటు పేరు పక్కన బ్రాకెట్లలో రాసిన షరతు విండోలోకి వెళ్లేముందు పనిచేస్తుంది, వేర్ క్లాజులో రాసినది విండో దాటాక పనిచేస్తుంది.

డ్రూల్స్‌లో ఇది కొంచెం లోతుగా దాగి ఉంటుంది. రూల్ షరతులను సమాచారంతో సరిపోల్చడానికి చార్లెస్ ఫోర్గీ రూపొందించిన రీటే పద్ధతి నుంచి వచ్చిన నిర్మాణం కాబట్టి, ఒక్క ఈవెంటును చూసి తేల్చగలిగే షరతు, అంటే ఐడీని ఒక స్థిరమైన విలువతో పోల్చడం లాంటిది, విండోకు ముందే జరిగిపోతుంది. కానీ ఐడీని మరొక ఫ్యాక్ట్ (ఇంజిన్ మెమరీలో పెట్టిన సమాచారం) నుంచి తెచ్చిన వేరియబుల్‌తో పోలిస్తే అది జాయిన్ (రెండింటిని జతచేసి చూడటం) అవుతుంది, జాయిన్ జరిగేది విండో తర్వాత. రెండూ ఒకే బ్రాకెట్లో, ఒకే రకంగా కనిపిస్తాయి కనుక రూల్ చదివినవారికి ఈ తేడా తట్టదు. దీనికి నేను ఎక్కువగా వాడేది ఒక్కో సెన్సారుకు ఒక స్థితి ఫ్యాక్ట్ పెట్టి, చివరి పది రీడింగులను అందులోనే దాచుకోవడం. రూల్ టెంప్లేటుతో (ఖాళీలు నింపితే రూల్ అయ్యే నమూనాతో) సెన్సారుకొక రూల్ తయారు చేయించడం కూడా కుదురుతుంది కానీ, సెన్సార్ల జాబితా తరచూ మారేచోట దాని నిర్వహణ విసుగు పుట్టిస్తుంది.

ఇక ఏ షరతును విండోకు ముందు ఉంచాలన్నది ఇంజిన్ చెప్పదు, మీరే నిర్ణయించుకోవాలి. ఈవెంటు ఏ రకానిది, ఏ సెన్సారుది, పాడైన రీడింగా కాదా అన్నవి ముందే వడకట్టవచ్చు. కొలిచిన విలువను చూసే షరతు మాత్రం దాదాపు ఎప్పుడూ విండో తర్వాతే ఉండాలి. ఉదాహరణకు చివరి ఐదింటిలో మూడు 80 దాటితే హెచ్చరించాలనుకుందాం. 80 దాటినవాటినే లోపలికి పంపితే విండోలో ఉన్నవన్నీ దాటినవే అవుతాయి, మధ్యలో వచ్చిన మామూలు రీడింగులు మాయమవుతాయి, వారం వ్యవధిలో ఎప్పుడో మూడుసార్లు వేడెక్కిన యంత్రం కూడా ప్రమాదంలో ఉన్నట్టు కనిపిస్తుంది. డూప్లికేట్ల విషయం ఇందుకు విరుద్ధం: జవాబు అందలేదని పరికరం అదే రీడింగును మళ్లీ పంపితే లెంగ్త్ విండో దాన్ని రెండుగా లెక్కిస్తుంది కాబట్టి వాటిని ముందే ఆపాలి.

గ్రూపు కీ (ఏ విలువను బట్టి విడదీస్తామో అది) గురించి కూడా కాస్త జాగ్రత్త అవసరం. ఖాళీ ఐడీతో వచ్చిన ఈవెంట్లన్నీ ఒకే గ్రూపులో పోగుపడి, లేని సెన్సారు పేరిట హెచ్చరికలు పుట్టిస్తాయి. సెన్సారు ఐడీలు పరిమితమే కనుక మీకు మెమరీ ఇబ్బంది రాదు, కానీ సెషన్ ఐడీ లాంటి అంతులేని కీ వాడేవారికి పాత గ్రూపులు పేరుకుపోతాయి. ఎస్పర్‌లో వయసు మీరిన గ్రూపులను తొలగించే హింట్ (ఇంజిన్‌కు ఇచ్చే సూచన) ఉంది, డ్రూల్స్‌లో నేను చెప్పిన స్థితి ఫ్యాక్ట్ ఈవెంటు కాదు కాబట్టి దానంతట అది పోదు, తొలగించే రూల్‌ను మీరే రాయాలి.

మరొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. మూగబోయిన సెన్సారు పాత రీడింగులను లెంగ్త్ విండో ఎంతకాలమైనా అలాగే పట్టుకుని ఉంటుంది. ఎస్పర్‌లో లెంగ్త్ పక్కన టైమ్ విండో కూడా చేరిస్తే రెండింటికీ సరిపోయినవే మిగులుతాయి. డ్రూల్స్‌లో స్థితి ఫ్యాక్టులో రీడింగుతోపాటు దాని టైమ్‌స్టాంప్‌ను కూడా దాచి, గడువు దాటినవాటిని తీసేయాలి. విడిగా టైమ్ విండో వాడదలిస్తే ఇంజిన్ స్ట్రీమ్ మోడ్‌లో (ఈవెంట్లను కాలక్రమంలో చూసే పద్ధతి) ఉండాలి, కాలాన్ని పట్టించుకోని క్లౌడ్ మోడ్‌లో అది పనిచేయదు.

మార్చిన రూల్‌ను పరీక్షించేటప్పుడు సూడో క్లాక్ (మనం చెప్పినట్టు కదిలే కృత్రిమ గడియారం) పెట్టి, సెకనుకొకటి పంపే సెన్సారును, నిమిషానికొకటి పంపే సెన్సారును కలిపి పదిహేను నిమిషాల సమాచారం నడపండి. రెండో సెన్సారు సగటు సరిగ్గా దాని సొంత పది రీడింగుల మీదే వస్తే, విండో మీరు కోరిన చోటే ఉన్నట్టు.