జ్ఞానదంతం నొప్పి తగ్గింది కదా అని ఏడాది ఆగాను

మీకు 22 ఏళ్ళు, నెల్లూరులో హాస్టల్‌లో ఉంటున్నారు, కింది జ్ఞానదంతం వస్తూ మూడు రోజులుగా నొప్పి అన్నారు. ఇంటి చిట్కాలతో తగ్గించుకోవచ్చా, దానంతట అదే తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. నాకూ తగ్గింది, రెండుసార్లు. అలా తగ్గడం వల్లే పక్కనున్న మంచి పన్ను పాడైంది.

మాది పొదిలి దగ్గర పల్లె. 2012లో మొదటిసారి దవడ వాచినప్పుడు మా తాతయ్య నన్ను అరుగు మీద ఎండకు తిప్పి కూర్చోబెట్టి చూశాడు. ఆయన ఒంగోలు గిత్తలు కొని అమ్మిన మనిషి. పాలపళ్ళా, రెండు పళ్ళా, నాలుగు పళ్ళా అని నోరు తెరిచి వయసు చెప్పేవాడు. "దీనికి చోటు లేదురా, వంకరగా లేస్తా ఉంది. ఒంగోలు పోయి చూపించుకో" అన్నాడు. ఈలోపు ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఇంజెక్షన్ చేసి, రెండు రోజులకు మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. వాపు దిగింది. తాతయ్య మాట పక్కన పడింది. కొన్ని నెలలకు మళ్ళీ వస్తే మళ్ళీ అదే పొట్లం.

మూడోసారి 2013 ఫిబ్రవరిలో. బ్యారన్‌లో, అంటే పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే కొట్టంలో, క్యూరింగ్ నడుస్తోంది, ఆ రాత్రి పొయ్యి చూసుకునే వంతు నాది. వేడి పడిపోతే ఆకు రంగు చెడుతుంది, రేటు పోతుంది, కాబట్టి కన్ను మూయడానికి లేదు. పదకొండు దాటాక కుడి దవడ చివర సలుపు మొదలై చెవిలోకి, అక్కడి నుంచి కణతలోకి పాకింది. ఉమ్మి మింగాలన్నా ప్రాణం పోతోంది. పక్క బ్యారన్ మామ వచ్చి, "ఇంత పొగాకు నలిపి ఆ సందులో నొక్కరా అబ్బాయ్, తిమ్మిరెక్కుద్ది" అన్నాడు. మా వైపు చేతికందే మందు అదే మరి. పంటి నొప్పికని మొదలుపెట్టి జీవితాంతం బుగ్గన పొగాకు పెట్టుకుని తిరిగేవాళ్ళను చూస్తూ పెరిగాను. ఆ సలహా ఎవరిచ్చినా దయచేసి వినకండి.

నేను పొగాకు పెట్టలేదు. లవంగ నూనెలో దూది ముంచి తెల్లవార్లూ అక్కడే ఉంచాను, పొయ్యి దగ్గర గుడ్డ కాచి దవడకు కాపడం పెట్టాను. రెండూ తప్పే. పొద్దున అద్దంలో చూసుకుంటే బుగ్గ నిమ్మకాయంత ఉబ్బి ఉంది. నోరు వేలు మందం కూడా తెరుచుకోలేదు. అమ్మ గంజి వార్చి ఇస్తే చెంచాతో పెదాల సందులోంచి పోసుకున్నాను.

ఇక బస్సెక్కి ఒంగోలు పోయాను. డాక్టరమ్మ మొద్దు సూది ఉన్న సిరంజితో ఆ పన్ను చుట్టూ సెలైన్ కొట్టింది. చీము, దుర్వాసన, వాటితోపాటు ఎర్రటి మిరపగింజ ఒకటి బయటికొచ్చింది. మూడు రోజుల కిందట తిన్న పండుమిర్చి పచ్చడిది. "పన్ను సగం వచ్చి ఆగిపోయింది. దానిమీద చిగురు మూతలా ఉంది. మూత కింద దూరింది బ్రష్‌కి అందదు, అక్కడే కుళ్ళుతుంది. మాత్రలకు వాపు దిగుతుంది గానీ మూత ఎక్కడికి పోతుంది?" అంది. చిగురు తెల్లబడిన చోటు చూపించి, అది లవంగ నూనెకు కాలిందని కూడా చెప్పింది.

రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే తీశారు, ఓపీజీ అంటారు. జ్ఞానదంతం ముందుకు ఒరిగి పక్క పన్నును నెడుతోంది. రెండిటి సందులో పక్క పన్ను వెనకవైపు పుచ్చిపోయి ఉంది. వారం తర్వాత, వాపు దిగాక, జ్ఞానదంతాన్ని ముక్కలు చేసి తీసి కుట్లు వేశారు. మత్తు ఇంజెక్షన్ వల్ల తీసేటప్పుడు నొప్పి తెలియలేదు. పక్క పన్నుకు రూట్ కెనాల్, పైన తొడుగు. మొదటి వాపుకే తాతయ్య మాట విని ఉంటే ఆ పన్ను దక్కేది.

పొదిలి, కనిగిరి, దర్శి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్ళమీద గోధుమరంగు చారలు పడతాయి. అందుకని ఏ పంటి బాధ వచ్చినా "మన నీళ్ళే అంత" అని వదిలేస్తారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని తెలిసీ అవే బోరు నీళ్ళు ఇన్నేళ్ళు తాగనిచ్చినందుకు నాకు చాలా కోపం ఉంది. కానీ జ్ఞానదంతం ఇరుక్కునేది దవడలో చోటు చాలక. దీనికీ నీళ్ళకూ సంబంధం లేదు.

ఈ రాత్రికి మీరు చేయగలిగింది: గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ ఆ మూల తగిలేట్టు పుక్కిలించండి. చిన్నపిల్లల బ్రష్ తల చిన్నది, చివరి దాకా పోతుంది, దానితో మెల్లగా తోమండి. ఏదైనా తిన్నాకే నొప్పి మాత్ర వేసుకోండి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా లాంటివి ఉంటే డాక్టర్ని అడగకుండా వేసుకోకండి. మాత్రను చిగురు మీద పెట్టకండి, అదీ కాలుస్తుంది. కాపడం వద్దు. జ్వరం వచ్చినా, వాపు దవడ కిందికి దిగినా, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైనా అర్ధరాత్రి అని చూడకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి.

నిటారుగా, చోటు ఉండి వచ్చే జ్ఞానదంతాన్ని తీయక్కర్లేదు. మీది ఎలా వస్తోందో ఎక్స్‌రే లేకుండా ఎవరూ చెప్పలేరు. నెల్లూరులో డెంటల్ కాలేజీ ఆసుపత్రే ఉంది కదా, ఈ వారంలోనే, నొప్పి తగ్గినా సరే, వెళ్ళండి. ఫిల్ము చేతికి వచ్చాక జ్ఞానదంతం సంగతి ఒక్కటే కాదు, దాని ముందున్న పన్ను వెనకవైపు ఎలా ఉందో కూడా అడగండి.