డేట్ ఇచ్చిండంటే ప్రోగ్రాం ఖాయమైనట్టు కాదు అల్లుడా

అల్లుడూ, నీ మెసేజ్ చదివిన. ఉత్సవ కమిటీవోళ్ళు మీ పాటల ట్రూపుకు డేట్ ఇచ్చి ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేరని ఇంట్ల కూసొని బాధపడుడు బంజెయ్. డేట్ చెప్పుడు వేరు, బుక్ చేసుడు వేరు. బయానా పడ్డంకనే ఆ తారీఖు వాళ్ళది, అప్పటిదాంక ఇంకెవలన్న అడిగితె ఇచ్చెయ్. శుక్రవారం దాంక చూస్తమని మర్యాదగ ఒక మెసేజ్ పెట్టు, తిట్టకు, వచ్చే వినాయక చవితికి మల్ల వాళ్ళే పిలుస్తరు.

సగం పైసలు ముందు, మిగిలిన సగం స్టేజి ఎక్కకముందు. ప్రోగ్రాం అయినంక ఇస్తమంటే అర్ధరాత్రి కమిటీల ఒక్కడు దొరకడు, అందరు "పైసలు ఆయన దగ్గరున్నయ్" అంటరు, ఆ ఆయన మాత్రం కనవడడు.

ఫోన్ల మాట్లాడినంక అదే మాట వాట్సాప్ల రాసి పంపు, ఎంతమంది వస్తున్నరు, ఎన్ని గంటలు, బండి కిరాయి ఎవలిది, తిండి, పండుకునే జాగ, అన్నీ. ఇగ సౌండ్. మన నల్గొండ దిక్కు ఊర్లల్ల ఎక్కువ డీజే బాక్సులే తెస్తరు, బాస్ దద్దరిల్లుతది గని నీ గొంతు వినవడది. ఎన్ని మైకులు, మైకులన్నీ కలిపే మిక్సర్ల ఎన్ని చానెళ్ళు, స్టేజి మీద మీకు వినవడేటందుకు మానిటర్లు ఉన్నయా లేవా, సౌండ్ ఆయనతోనే డైరెక్టుగ మాట్లాడు. కమిటీ ప్రెసిడెంటుకు ఏం తెలుస్తది పాపం, ఏదడిగినా "అన్నీ ఉన్నయ్ తమ్మీ" అంటడు.

రాత్రి 10 దాటితె మైకు బంద్, అది 2000ల వచ్చిన శబ్ద కాలుష్యం రూల్. పోలీస్ పర్మిషన్ కాగితం ఫోటో ముందే అడుగు. లీడర్ల ఉపన్యాసాలు అయ్యేవరకే తొమ్మిది కొడ్తది కాబట్టి మంచి పాటలు చివరికి దాచుకోకు.

సొంత పాటలే పాడ్తమంటే జాతరల పిలుసుడు కష్టమే. రెండు తెలిసిన జానపదాలు, నడుమ మీదొకటి, అట్ల జొప్పించు. కురుమూర్తి జాతర దీపావళి తర్వాత, చెర్వుగట్టు మాఘంల, మరి కమిటీ కూసునేది అంతకు చాన ముందే, చందాలు మొదలైతున్నయంటే నువ్వు అప్పుడే పోవాలె. ఆషాఢంల పెండ్లిళ్ళు ఉండయ్, ఆ నెల వీడియోలు తీసుకో.

హైదరాబాద్ కేఫులోళ్ళు మొదలు అడిగేది ఎంతమందిని తెస్తవని. టికెట్లల వాటా అంటే ఇక్కడికెళ్ళి నూరు కిలోమీటర్లు పోయొచ్చే డీజిల్ కూడ ఎల్లదు, నా లెక్కల వీడియో కోసం ఒక్కసారి పో చాలు. అక్కడ సినిమా పాట పాడ్తే ఐపీఆర్ఎస్ (పాటలు రాసేటోళ్ళ, బాణీలు కట్టేటోళ్ళ హక్కుల సంఘం) లైసెన్స్ కేఫులోళ్ళే తీస్కోవాలె, అది నీ మీద ఏస్కోకు. నీ పాటలు నువ్వే రాస్తున్నవ్ కదా, నువ్వు కూడ అండ్ల మెంబర్ కా.

ఇంకోటి, కీబోర్డు పిలగాని పైసలు బండి దిగకముందే ఇచ్చెయ్, వానికి వేరే ట్రూపు నుంచి ఫోన్లు వస్తున్నయని నాకు ఎర్కే.