వాళ్లు అడిగేది వంట వచ్చా అని కాదు

అమ్మలూ,

నువ్వు పిప్‌కి, అదే దీర్ఘకాలిక జబ్బులతో ఇబ్బందిపడేవాళ్లకి బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే భత్యానికి, దరఖాస్తు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నీ కీళ్లవాతం సంగతి నలుగురికీ తెలుస్తుందని దాని బాధ. అడగడానికి ధైర్యం చేసినందుకు నాకు గర్వంగా ఉంది. నాలాగే మాట్లాడి వస్తావేమోనని భయంగానూ ఉంది.

ఐఎల్ఆర్, అంటే ఈ దేశంలో గడువు లేకుండా ఉండే అనుమతి, వచ్చాకే పెడుతున్నావు, మంచిది. ఫారం నెలలోపు పంపు. కాపీ దాచుకో. డాక్టర్ల ఉత్తరాలు జతచెయ్యి.

ఇక వంట ప్రశ్న. 2016లో నేనూ పిప్‌కి పెట్టినప్పుడు, అసెస్‌మెంట్‌లో, అంటే మన పరిస్థితి తెలుసుకోవడానికి వాళ్లు ప్రశ్నలడిగే చోట, నన్ను అడిగినావిడ నెమ్మదిగానే అడిగింది, వంట మీరే చేసుకుంటారా అని. నాకది పెళ్లిచూపుల్లో "అమ్మాయికి వంట వచ్చా?" అన్నట్టే వినబడింది. పప్పు, పులుసు, కూర, అన్నీ నేనే అన్నాను. మీ పెదనాన్న ఏదో చెప్పబోతే కళ్లతోనే ఆపేశాను. ఉల్లిపాయలు రోజూ ఆయనే తరిగేవారని చెప్పలేదు. కుక్కర్ మూత నా చేతికి తిరగదని చెప్పలేదు. పొయ్యి దగ్గర అరగంట నిలబడితే సాయంత్రందాకా మంచం దిగలేనని చెప్పలేదు. అంతకు రెండు వారాల ముందే గంజి వారుస్తుంటే వేళ్లు పట్టేసి, గిన్నె జారి ముంజేయంతా కాలింది. ఆ మచ్చ కనబడకుండా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని మరీ వెళ్లాను.

వంటకి సున్నా వేశారు. మొత్తం ఆరు పాయింట్లు. ఎనిమిది ఉంటేనే డబ్బు. ఎవరైనా చెయ్యి సాయం చేస్తే తప్ప వండుకోలేనని చెప్పి ఉంటే ఆ ఒక్క ప్రశ్నకే నాలుగు వచ్చేవి. నిర్ణయం మళ్లీ చూడమని నెలలోపు అడగొచ్చు. నేను సిగ్గుపడి ఊరుకున్నాను. తర్వాత రెండేళ్లు మీ పెదనాన్న రాత్రి షిఫ్టులు చేశారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

వాళ్ల లెక్కలో వంటంటే ఒక్క మనిషికి, తాజా సరుకులతో, ఒకే వంటకం. తొక్క తీయడం, తరగడం, నడుం ఎత్తున ఉన్న పొయ్యి మీద వండటం చూస్తారు. కింద ఓవెన్‌లోకి వంగలేకపోతే అది లెక్కలోకి రాదు, దాని గురించి పేజీలు నింపకు. పరికరం ఉంటేనే చేయగలిగితే రెండు పాయింట్లు. మైక్రోవేవ్‌తో మాత్రమే అయితే రెండు. పక్కన మనిషి ఉండాల్సివస్తే నాలుగు. అసలు చేయలేకపోతే ఎనిమిది. చేయగలగడమంటే ప్రమాదం లేకుండా, సరిగ్గా, అవసరమైనన్నిసార్లు, మామూలు మనిషికి పట్టే టైముకి రెట్టింపు మించకుండా చేయడం. సగానికి మించిన రోజుల్లో ఎలా ఉంటుందో అదే లెక్క. నీకు పండక్కి పులిహోర చేసిన రోజే గుర్తొస్తుంది, నాకు తెలుసు. మర్నాడు బాటిల్ మూత తీయలేకపోయావే, అది రాయి. చెయ్యి కాలితే ఎప్పుడు, ఎలా కాలిందో రాయి. ఇందులో సిగ్గేముందే పిచ్చిపిల్లా! నీ వంట నేను తిన్నదాన్నే కదా.

అసెస్‌మెంట్ ఫోన్లో పెట్టినా, ఎదురుగా పెట్టినా తోడు మనిషిని ఉండనిస్తారు. తేదీ తెలియగానే చెప్పు, లెస్టర్ నుంచి పొద్దున్నే రైలెక్కుతాను. ఈలోగా గంజి మాత్రం వార్చకు. రైస్ కుక్కర్ పంపాను, శనివారానికి అందుతుంది.

మీ పెద్దమ్మ