పాపకు ఎమ్మారై: మత్తు తప్పదా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. మూర్ఛ వచ్చిందని మెదడుకు ఎమ్మారై రాశారు. మత్తు ఇస్తామంటున్నారు. భయంగా ఉంది.

జవాబు: మత్తు డాక్టరుగా ఈ భయాన్ని తల్లుల కళ్లలో రోజూ చూస్తానమ్మా. సీటీ స్కాన్ అయితే క్షణాల్లో ముగుస్తుంది, చాలాసార్లు మత్తు అక్కర్లేదు. ఎమ్మారైకి అరగంటకు పైగా, ఆ దడదడ చప్పుడులో కదలకుండా పడుకోవాలి. ఈ వయసు పిల్లలకు అది సాధ్యం కాదు. పాప వేలికి క్లిప్పు పెట్టి, ఆక్సిజన్, గుండె వేగం చివరిదాకా కనిపెట్టుకుని ఉంటాం.

ఖాళీ కడుపు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అన్నం, పోతపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. ఏడుస్తోందని అమ్మమ్మ బిస్కెట్ ముక్క పెట్టినా దాచకండి. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. జలుబు, దగ్గు ఉన్నా చెప్పండి. మూర్ఛ మందు ఆ ఉదయం ఎలా వేయాలో ముందురోజే అడగండి. పాప కళ్లు తెరిచేసరికి మీరు పక్కనే ఉండండి.