డాప్లర్‌లో రక్తం పారడం లేదంటే గండం గడిచినట్టేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 38. ఎడమ రొమ్ములో మూడు నెలలుగా గడ్డ ఉంది, నొప్పి లేదు. స్కానింగ్‌లో 16 మి.మీ., బైరాడ్స్ 4ఏ అని వచ్చింది. కలర్ డాప్లర్‌లో రక్తప్రసరణ లేదని రాశారు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడాను, పసుపు పట్టీ వేస్తున్నాను. బరంపురంలో డాప్లర్ మళ్లీ తీయించుకోమంటారా?

జవాబు: బరంపురం వెళ్లండమ్మా, బయాప్సీ కోసం వెళ్లండి. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం దగ్గరనుకుంటే అక్కడికైనా సరే. బైరాడ్స్ అంటే స్కాన్‌లో గడ్డ ఎంత అనుమానంగా ఉందో చెప్పే గ్రేడు. అందులో 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం సుమారు నూటికి రెండు నుంచి పది వరకు. తక్కువే, కానీ ముక్క తీసి చూడాల్సిందే.

ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని మామూలు గడ్డలో రక్తనాళాలు ఎక్కువగా అంచు వెంబడి పోతాయి, క్యాన్సర్‌లో వంకరగా లోపలికి చొచ్చుకుపోతాయి. అన్ని గడ్డలూ ఈ లెక్క పాటించవు. డాప్లర్‌లో పారే రక్తం రంగుగా కనిపిస్తుంది, ఆ రంగే కనిపించని క్యాన్సర్లున్నాయి. రొమ్ము మీద పెట్టి స్కాన్ చేసే ప్రోబ్‌ను కాస్త గట్టిగా నొక్కితే సన్నని నాళాలు అణిగి రంగు మాయమవుతుంది. స్కేలు, వాల్ ఫిల్టర్ అనే సెట్టింగులు తగ్గించకపోతే మెల్లగా పారే రక్తం మెషీన్‌కు అందదు. చిక్కటి ద్రవమున్న నీటిబుడగో, గట్టి కణితో తేలనప్పుడు డాప్లర్ బాగా పనికొస్తుంది: లోపల రక్తం పారితే అది నీటిబుడగ కాదు.

జ్వరం, ఎరుపు, నొప్పి ఏదీ లేని గడ్డకు యాంటీబయాటిక్ ఎందుకమ్మా? ఒక కోర్సు కాదు, రెండు! మూడు నెలల్లో చాలా భాగం అక్కడే పోయి ఉంటుంది. నిజంగా ఎర్రబడిన రొమ్మయినా మందులకు వారం పది రోజుల్లో తగ్గకపోతే క్యాన్సర్ ఉందేమో చూడాలి. పసుపు పట్టీ తీసేయండి, చర్మం పొక్కితే ఆ ఎరుపు దేనివల్లో మాకు తెలియదు.

వీలైతే సన్న సూది పరీక్షతో సరిపెట్టకుండా కోర్ బయాప్సీ అడగండి. అక్కడికి మాత్రమే మత్తిచ్చి, స్కాన్‌లో చూస్తూ సాధారణంగా 14 గేజ్ అనే కాస్త లావు సూదితో కొన్ని ముక్కలు తీస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాటకు భయపడకండి. చంక స్కాన్, మామోగ్రఫీ సంగతి కూడా అక్కడే అడగండి.

చేత్తో చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. రెండు వారాలు దాటనివ్వకండి. చర్మం లోపలికి లాగినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వెంటనే వెళ్లండి. ముక్క పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, అది స్కాన్‌తో పొసగుతుందో లేదో సర్జన్‌ను అడగండి. పొసగకపోతే మళ్లీ తీయాల్సి రావచ్చు.