ఆ ఇంజన్ విప్పకముందే

చి. చిన్నాకి మామయ్య దీవెనలు.

ఒహాయోలో 1951 షెవ్రోలే లారీ కొన్నావని, ఆయిల్ గేజ్ ముల్లు 15 దాటడం లేదని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ముందు ఆ పానా కింద పెట్టు. ఆ గేజ్ మీద అంకెలే 30 దాకా ఉంటాయి. ఇంజన్ వేడెక్కి రోడ్డు మీద నడుస్తున్నప్పుడు 14, 15 చూపిస్తే దానికి ఏ రోగమూ లేనట్టే.

నీ బండిలో ఉన్నది బహుశా 216 ఇంజన్, అంటే 216 ఘనపు అంగుళాలది. అది 1937 నాటి సరుకు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే జనరల్ మోటార్స్ రెండు రకాలుగా లారీలు చేసింది. రెండున్నర టన్నుల జీఎంసీ మిలిటరీ లారీలు ఐదు లక్షలకు పైగా వచ్చాయి. వాటి 270 ఇంజన్లో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగుల దాకా ఆయిల్ ప్రెషర్‌తో వెళ్తుంది. ఒకటిన్నర టన్నుల షెవ్రోలేలో పెట్టిన 235కి మాత్రం నీ 216 లాగే పాత పద్ధతే. రాడ్ అడుగున చెంచాలాంటి ముక్క ఉంటుంది, తిరిగినప్పుడల్లా అదే ఆయిల్ తోడుకుంటుంది. యుద్ధం అయ్యాక లారీల కోసం జనం ఎగబడుతుంటే ఇంజన్ మార్చే తీరికెక్కడిది? 1947లో బాడీ కొత్తది, లోపల పాత ఇంజనే. 1954లో గానీ షెవ్రోలే లారీలకు పూర్తి ప్రెషర్ రాలేదు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మా గురువుగారి షెడ్డుకి డిస్పోజల్ లారీలు, అంటే మిలిటరీ వాడి అమ్మేసినవి, వచ్చేవి. జీఎంసీ చేతి అలవాటుతో ఒక షెవ్రోలే రాడ్ బోల్టులు బిర్రుగా బిగించేశాను. ఊరు దాటకముందే బేరింగులో పోసిన మెత్తటి వైట్ మెటల్ కరిగి, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లో వెండి పొడిలా తేలింది. గురువుగారు తిట్టలేదు, ఆ ఆయిల్‌ని నా అరచేతిలో పోసి చూడమన్నారు.

కాబట్టి శబ్దం వస్తేనే సంప్ దించు. రాడ్ క్యాప్ రెండు పక్కలా సమానంగా పలచటి షిమ్ములు (సందులో పెట్టే రేకు ముక్కలు) తీస్తూ రా. బిగించాక రాడ్‌ని చేత్తో పక్కకి తోస్తే టక్కున కదలాలి. కదలకపోతే ఒకటి తిరిగి పెట్టు. హైవే మీద గంటల తరబడి తరమకు, అది అందుకు పుట్టిన ఇంజన్ కాదు.

పూర్తి ప్రెషర్ వచ్చాక చేసిన తర్వాతి కాలం 235 ఎక్కిద్దామనుకుంటే ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఖాళీ ముందే కొలుచుకో. కరెంటు కూడా చూసుకో, నీది 6 వోల్టుల బండి.

అసలు అది 216 అవునో కాదో రంగు చూసి తేల్చకు. బ్లాక్ మీద పోతపోసిన నంబరు ఫోటో తీసి అమ్మ వాట్సాప్‌కి పంపు. నా ఫోన్‌లో బొమ్మలు రావు.

మామయ్య